స్వీడిష్ సర్వనామాలు: పట్టిక బట్టీ పట్టా, నోరు తెరిస్తే ఒక్కటీ సరిగ్గా రావట్లేదు

కొత్తచలి

గోథెన్‌బర్గ్ వచ్చి మూడు నెలలైంది. ఆఫీసులో ఇంగ్లీషుతో రోజు గడిచిపోతోంది గానీ ఎన్నాళ్లిలా అని స్వీడిష్ మొదలుపెట్టా. మొదటి వారమే సర్వనామాల పట్టిక ఇచ్చారు. యాగ్, దూ, హన్, హూన్, దెన్, దెట్, వీ, నీ, దె. తొమ్మిదే కదా, ఇందులో ఏముంది అనుకుని ఒక్క పూటలో బట్టీ కొట్టేశా. ఇప్పుడు మనిషి ఎదురుగా నిలబడితే ఒక్కటీ టైముకి రాదు, వచ్చినా తప్పుది వస్తుంది.

మచ్చుకి ఒకటి చెప్తా. మా బిల్డింగులో మూడో అంతస్తులో ఒక పెద్దావిడ ఉంటారు, ఎనభై దాటే ఉంటాయి, ఒక చిన్న కుక్క. మొన్న లిఫ్టులో కనిపించారు. అంత పెద్దావిడని "దూ" అని, అంటే నువ్వు అని పిలవడానికి నాకు నోరు రాలేదు, పట్టికలో "నీ" అంటే మీరు అని ఉంది కాబట్టి ధైర్యంగా నీ పెట్టి ఎలా ఉన్నారని అడిగా. ఆవిడ ఒకసారి వెనక్కి తిరిగి చూశారు, లిఫ్టులో ఇంకెవరైనా ఎక్కారేమోనని. తర్వాత కుక్క వంక చూసి "మేమిద్దరం బాగానే ఉన్నాం" అన్నారు. నవ్వుతూనే అన్నారు లెండి. ఆవిడ దిగేదాకా నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డా.

ఇక అర్థం కానివి చాలా ఉన్నాయి. నిజంగా అందరినీ దూ అనేయొచ్చా, మా మేనేజర్‌కి అరవై ఏళ్లుంటాయి, ఆయన్ని కూడానా? "అతని" అనడానికి హన్స్ ఉంది కదా, మళ్లీ ఈ సిన్, సిత్, సీనా ఎందుకు? దెన్ ఎప్పుడు, దెట్ ఎప్పుడు? అన్నిటికంటే ముఖ్యంగా, ఎవరి మాట విన్నా "దొమ్, దొమ్" అని వినిపిస్తుంది, నా పట్టికలో ఆ మాటే లేదు. అదెక్కడి సర్వనామం?

(స్వీడిష్ మాటలు నాకు వినపడినట్టు తెలుగులో రాస్తున్నా, తప్పులుంటే దిద్దండి.)

---

పదేళ్లచలికోటు

లిఫ్టు సంగతి చదివి నవ్వాను, సారీ. అందరం ఆ లిఫ్టు ఎక్కి వచ్చినవాళ్లమే.

సూటిగా చెప్పాలంటే: అవును, అందరినీ దూ అనొచ్చు. మేనేజర్ని, మేనేజర్ గారి మేనేజర్ని, డాక్టర్ని, క్లాసులో టీచర్ని, ఎనభై ఏళ్ల పెద్దావిడని. ఒక్క రాజకుటుంబం మాత్రం వేరు, రాజుగారితో నేరుగా మాట్లాడుతున్నా దూ అనరు, "రాజుగారు ఏమంటారు?" అని మూడో మనిషి గురించి అడిగినట్టు అడుగుతారు. ఆ అవసరం మనకెలాగూ రాదు.

కానీ ఇది మొదట్నుంచీ ఇలా లేదు, అది తెలిస్తే ఆవిడ ఎందుకు వెనక్కి చూశారో ఇంకాస్త అర్థమవుతుంది. 1960ల దాకా ఇక్కడ పిలుపుల గోల మన దానికంటే ఘోరం. అవతలి మనిషికి ఏదైనా హోదా ఉంటే ఆ హోదా పేరుతోనే అడగాలి. ఎదురుగా కూర్చున్న డాక్టర్నే "డాక్టరుగారికి కాఫీ కావాలా?" అనాలన్నమాట. మనమూ అలా అంటాం కాబట్టి మనకి వింతగా అనిపించదు. చిక్కంతా హోదా తెలియనివాళ్లతో వచ్చేది, పిలుపు లేకుండా వాక్యం ఎలా చుట్టాలా అని తంటాలు పడేవాళ్లట. మరి నీ ఉంది కదా అంటే, అది పెద్దవాళ్లు కిందివాళ్లని, హోదా లేనివాళ్లని పిలిచే మాటగా ముద్రపడిపోయింది. అంటే మీరు గౌరవం అనుకుని వాడిన మాటలో ఆ తరం మనుషులకి చిన్నచూపు వినిపించే అవకాశం ఉంది. మీ పక్కింటావిడ పాపం దాన్ని బహువచనం కింద తీసుకుని కుక్కని కలుపుకున్నారు, మంచావిడ.

1967లో బ్రూర్ రెక్సేద్ అనే ఆయన ప్రభుత్వ వైద్య మండలికి అధిపతిగా వచ్చి, ఇకమీదట ఉద్యోగులందరినీ దూ అనే పిలుస్తానని ప్రకటించాడు. అప్పటికే గాలి అటే వీస్తోంది, ఆయన ఒక్కడి వల్లే మారిందనలేం గానీ ఇక్కడివాళ్లు "దూ సంస్కరణ" అనగానే ఆయన పేరే చెప్తారు. ఆ తర్వాత కొన్నేళ్లలోనే దేశమంతా దూ అయిపోయింది. 1980ల నుంచి కొందరు షాపుల్లో కుర్రాళ్లు కస్టమర్లని మళ్లీ నీ అనడం మొదలుపెట్టారు, అది మర్యాదనుకుని. ముసలివాళ్లలో చాలామందికి అది నచ్చదు. ఫిన్లాండులో స్వీడిష్ మాట్లాడేవాళ్ల దగ్గర మాత్రం నీ ఇప్పటికీ గౌరవ పదమే.

మరి గౌరవం ఎక్కడ చూపించాలి అంటారా, సర్వనామంలో కాదు. "స్కుల్లె దూ కున్నా..." అని మొదలుపెట్టి అడగండి, అంటే "కాస్త చేసిపెట్టగలవా" లాంటిది, చివర్లో "తక్" అనండి, అంటే థాంక్స్, చాలు. నాకు మొదటి ఏడాది దూ అన్న ప్రతిసారీ లోపల ఎవరో చెంప మీద కొట్టినట్టుండేది. తర్వాత అలవాటైపోయింది, ఇప్పుడు ఇంటికి ఫోన్ చేసినప్పుడు పెద్దవాళ్ల దగ్గర నోరు జారకుండా చూసుకోవడమే పెద్ద పని.

---

వోర్‌మన్_బాధితురాలు

పేరు చూసి ఏంటా అనుకుంటున్నారా, చెప్తాను.

క్లాసులో మొదటి నెల, ఇంట్లోవాళ్ల గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. "మా ఆయన ఇంజనీరు" అని చెప్దామనుకున్నా. మా అంటే వోర్, ఆయన అంటే మన్, వోర్ మన్ ఇంజనీరు అని చెప్పి కూర్చున్నా. టీచరు చాలా సీరియస్‌గా "మొత్తం క్లాసుకి ఒకడేనా?" అని అడిగింది. పన్నెండు మంది ఉన్నాం క్లాసులో. అర్థం కావడానికి నాకు అర నిమిషం పట్టింది.

మనకి ఇల్లు, ఊరు, అమ్మ, నాన్న, మొగుడు, పెళ్లాం అన్నీ "మా". నా అమ్మ అంటే అదోలా ఉంటుంది. స్వీడిష్‌లో అవన్నీ మిన్. మిన్ మమ్మా, మిన్ మన్. వోర్ అన్నారంటే నిజంగానే ఇద్దరు ముగ్గురు కలిసి పంచుకునేది అయ్యుండాలి. మీ పోస్టులో చూడండి, "మా బిల్డింగు", "మా మేనేజర్" అని రాశారు. తెలుగులో అలాగే రాయాలి. స్వీడిష్‌లోకి తిప్పేటప్పుడు ఆ "మా" దగ్గర బ్రేకు వేయండి.

దీనికి తిరగేసింది ఇంకోటి ఉంది. మనకి మనం వేరు, మేము వేరు. వాళ్లకి రెండూ వీ. "సాయంత్రం మేము సినిమాకి వెళ్తున్నాం" అని సహోద్యోగి చెప్తే, అందులో నేనూ ఉన్నానా, నన్ను పిలుస్తున్నాడా, ఊరికే సమాచారమా అన్నది వీ అన్న ముక్క చెప్పదు. నేను ఒకసారి బ్యాగు కూడా సర్దుకున్నాను. ఇప్పుడైతే మొహమాటం లేకుండా అడిగేస్తా.

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది "నాకు". నాకు ఆకలిగా ఉంది, నాకు తెలుసు, నాకు అర్థమైంది, నాకు చలేస్తోంది, అన్నీ నాకే కదా మనకి. పట్టికలో నాకు అంటే మెయ్ అని ఉంటుంది కాబట్టి నోట్లోంచి మెయ్ వచ్చేస్తుంది. అక్కడ అవన్నీ యా (పట్టికలో యాగ్ అని ఉన్నదాన్నే యా అని పలుకుతారు). యా ఏ హుంగ్రిగ్, యా వేత్, యా ఫొష్తోర్, యా ఫ్రూసెర్. నాకు ఆకలి కలగడం కాదు, నేనే ఆకలిగొన్నదాన్ని. మెయ్ ఎక్కడ వాడాలంటే ఎవరైనా నన్ను ఏదైనా చేసినప్పుడు, నాకు ఏదైనా ఇచ్చినప్పుడు, "నాతో", "నా కోసం" లాంటి చోట్ల. ఒక విధంగా సుఖమే, మనకి నన్ను, నాకు అని రెండుంటే వాళ్లకి రెంటికీ కలిపి మెయ్ ఒక్కటే. దెయ్ కూడా అంతే, నిన్ను, నీకు రెండూ. అతన్ని, అతనికి అంటే హొనొమ్. ఆమెకి హెన్నె, మనకి అయినా మాకు అయినా ఒస్, మీకు ఏర్.

ఇంకో మాట. తెలుగులో "వస్తాను" అంటే చాలు, నేను అని చెప్పక్కర్లేదు, క్రియలోనే ఉంది. స్వీడిష్‌లో వచ్చేది నేనైనా నువ్వైనా వాళ్లైనా క్రియ "కొమ్మెర్" ఒక్కటే. అందుకని సర్వనామం మింగేస్తే ఎవరు వస్తున్నారో దేవుడికే తెలియాలి. మొదట్లో నేను మాట్లాడితే ఎదుటివాళ్లు పదేపదే "ఎవరు?" అనడానికి కారణం అదే. (పాత పుస్తకాల్లో బహువచనానికి క్రియ మారేది, వీ ఎరూ అని. 1945లో టీటీ వార్తా సంస్థ దాన్ని వదిలేసింది, మిగతావాళ్లూ వెనకాలే వదిలేశారు. లేకపోతే అదీ నేర్చుకోవాల్సొచ్చేది.)

---

కొనుప్రత్యయం

ఇంగ్లీషు మీదుగా స్వీడిష్ నేర్చుకోవడం వల్ల మనవాళ్లకి సగం కష్టం వస్తుందని నా గట్టి అభిప్రాయం. సిన్ సంగతి ఇంగ్లీషువాడికి పదిసార్లు చెప్పాలి, ఎందుకంటే వాడి భాషలో ఆ తేడా లేదు. మనకుంది! "తన".

"రవి తన కోటు తీసుకున్నాడు." ఎవరి కోటు? రవిదే. "రవి అతని కోటు తీసుకున్నాడు." ఎవరిదో ఇంకొకడిది, పాపం వాడు చలికి పోతాడు. స్వీడిష్‌లో మొదటిది హన్ తూగ్ సిన్ యక్కా, రెండోది హన్ తూగ్ హన్స్ యక్కా. తన అంటే సిన్, అతని అంటే హన్స్, ఆమె అంటే హెన్నెస్, వాళ్ల అంటే దేరస్. ఐదు నిమిషాల పాఠం.

ఒక్కటే అదనం, సిన్ అనేది ఆ వస్తువుని బట్టి రూపం మారుతుంది, మనిషిని బట్టి కాదు. స్వీడిష్‌లో నామవాచకాలు ఎన్, ఎత్ అని రెండు జట్లు. కారు ఎన్-పదం కాబట్టి సిన్ బీల్, ఇల్లు ఎత్-పదం కాబట్టి సిత్ హూస్, పిల్లలు బహువచనం కాబట్టి సీనా బాణ్. మిన్, మిత్, మీనా కూడా ఇదే వరస. యజమాని ఆడైనా మగైనా పట్టించుకోదు. హన్స్, హెన్నెస్ మాత్రం ఎప్పుడూ మారవు.

దీనికంటే నాకు ముచ్చటేసింది సెయ్. పట్టికలో చివర ఎక్కడో "తనను తాను" అని రాసి వదిలేస్తారు, దాంతో ఎవరికీ ఏమీ అర్థం కాదు. దాన్ని మన "కొను" అనుకోండి. నేర్పడం అంటే లేరా, నేర్చుకోవడం అంటే లేరా సెయ్. కడగడం త్వెత్తా, కడుక్కోవడం త్వెత్తా సెయ్. నిర్ణయించడం బెస్తెమ్మా, నిర్ణయించుకోవడం బెస్తెమ్మా సెయ్. పెట్టడం లెగ్గా, పడుకోవడం లెగ్గా సెయ్! పెళ్లి చేసుకోవడం యిఫ్తా సెయ్. ఈ చివరిది చూసిన రోజు నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నా. ఎక్కడి భాష, ఎక్కడి భాష.

అయితే మన "కొను" ఎవరికైనా ఒకటే, వాళ్లది మనిషిని బట్టి మారుతుంది. యా లేర్ మెయ్ స్వెన్స్కా, దూ లేర్ దెయ్, హన్ లేర్ సెయ్, వీ లేర్ ఒస్, నీ లేర్ ఏర్. నేను, నువ్వు విషయంలో సెయ్ రాదు, మూడో మనిషికే. "యా లేర్ సెయ్" అన్నవాళ్లని చాలామందిని చూశా. అన్నిచోట్లా కొను కుదరదు కూడా, తొందరపడటానికి షున్దా సెయ్ అంటారు, అక్కడ మనకి కొను లేదు. కానీ పదిలో ఆరు ఏడు సార్లు చెవి సరైన దారే చూపిస్తుంది, నా అనుభవంలో.

---

చెవికోసుకుంటా

పైన అందరూ వ్యాకరణం చెప్తున్నారు గానీ అసలు ప్రశ్న "దొమ్ ఏంటి" అన్నదానికి ఎవరూ జవాబివ్వలేదు.

దొమ్ అంటే మీ పట్టికలో ఉన్న "దె"నే. డి-ఇ అని రాస్తారు, దొమ్ అని పలుకుతారు. వాళ్లని, వాళ్లకి అనే మాట డి-ఇ-ఎమ్ అని రాస్తారు, దాన్నీ దొమ్ అనే పలుకుతారు. ఇక డి-ఇ-టి అని రాసినదాన్ని, మీరు దెట్ అన్నదాన్ని, "దే" అని పలుకుతారు, చివర టి వినపడదు. అంటే కాగితం మీద "దే" లాగా కనపడేది దొమ్, నిజంగా దే అని వినపడేది వేరేది. నేనే రాస్తూ తికమకపడుతున్నా. అందుకే కాగితం పక్కన పెట్టి ముందు రేడియో వినండి. యాగ్ అని ఎవరూ పూర్తిగా అనరు, యా అంతే. ఎమ్-ఐ-జి అని రాసి మెయ్ అంటారు. ఎర్ అని రాసే క్రియ (ఉన్నాను, ఉంది లాంటిది) కూడా పలికేటప్పుడు ఉత్త ఏ.

మనకి ఒక లాభం ఉంది, ఎవరూ చెప్పరు. వాళ్ల డి మన ద, ఇంగ్లీషు డి కాదు. దూ అనేటప్పుడు నాలుక పళ్లకి తగలాలి. పెదాలు మాత్రం బాగా ముందుకి చాచి, ఊ కీ ఈ కీ మధ్యలో ఎక్కడో ఉంటుంది ఆ అచ్చు, అది వింటేనే వస్తుంది. పైగా ముందు ర వస్తే ఆ ద కాస్తా డ అయిపోతుంది. "హార్ దూ" రెండూ కలిసి "హాడు" అని వినిపిస్తాయి. ఇంగ్లీషువాళ్లు ఆ తేడా పట్టుకోలేక జుట్టు పీక్కుంటారు, మనకి పుట్టుకతో ద, డ వేరు. దక్షిణాన స్కోనె వైపు ఈ డ ఉండదు, ఆ యాస పూర్తిగా వేరే కథ.

---

అడ్డంపడేవాడు

@కొనుప్రత్యయం గారి పోస్టు బాగుంది గానీ తన = సిన్ అని గుడ్డిగా పట్టుకుంటే రెండు గుంతల్లో పడతారు, నేను రెంటిలోనూ పడి లేచాను కాబట్టి చెప్తున్నా.

మొదటి గుంత. తెలుగులో "అతనూ, తన భార్యా వచ్చారు" అంటాం, తప్పేం లేదు. స్వీడిష్‌లో "హన్ ఓ సిన్ ఫ్రూ" అనకూడదు, హన్ ఓ హన్స్ ఫ్రూ అనాలి. ఎందుకంటే సిన్ వెనక్కి తిరిగి కర్తని చూపించే మాట, అదే కర్తలో కూర్చుంటే ఎవరిని చూపిస్తుంది?

రెండోది ఇంకా లోతు. "కారిన్ తన కారు పాడైందని చెప్పింది." అచ్చమైన తెలుగు. అక్కడ కూడా సిన్ రాదు, కారిన్ సెయ్యెర్ అత్ హెన్నెస్ బీల్ ఏ త్రాసిగ్. "అత్" (మన "అని") తర్వాత కొత్త వాక్యం మొదలైంది, అందులో కర్త కారు. కారుకి సొంత కారు ఉండదు కదా. మన "తన"కి చెయ్యి పొడుగు, పక్క వాక్యంలోకి కూడా చాచి పట్టుకుంటుంది. సిన్ ఇంటి గడప దాటదు.

అంచేత నేను చేసే పని, ముందు తన పెట్టి చూస్తా. కుదిరితే, అది క్రియ తర్వాత, అదే వాక్యంలో ఉందా అని చూస్తా. ఉంటే సిన్. లేకపోతే హన్స్, హెన్నెస్.

---

కొనుప్రత్యయం

ఒప్పుకుంటున్నా. ఆవేశంలో "ఐదు నిమిషాల పాఠం" అనేశా. పది నిమిషాలు.

---

కొత్తచలి

బాబోయ్, ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ తక్. బాధితురాలు గారి పోస్టు మా ఇంట్లో చదివి వినిపించా (మిన్ ఇంట్లో కాదు, మేమిద్దరం ఉంటాం కాబట్టి వోర్ ఓకేనా?). దెన్, దే గొడవ ఇంకా మిగిలింది. నిన్న మా అక్క ఫోటో చూపించి "హూన్ ఏ మిన్ సిస్తెర్" అంటే సహోద్యోగి అర్థమైంది అన్నాడు గానీ తనైతే "దే" అంటాడట. అక్కని "అది" అంటారా వీళ్లు?

---

పదేళ్లచలికోటు

అంటారు, కానీ అనుకున్నంత ఘోరం కాదు. తలుపు ఎవరో కొడితే మనమేమంటాం? "ఎవరది?" ఆ "అది" ఎవర్నీ తక్కువ చేయట్లేదు కదా, ఎవరో ఇంకా తెలియని మనిషి అంతే. వాళ్లదీ అదే, "వేమ్ ఏ దే?" జవాబు "దే ఏ మిన్ సిస్తెర్". పరిచయం అయ్యేదాకా దే, అయ్యాక హూన్. ఫోటో చూపిస్తూ దే ఏ మిన్ సిస్తెర్ అని, తర్వాత వాక్యం నుంచి హూన్ డాక్టరు, హూన్ ఫలానా చోట ఉంటుంది అని వెళ్లిపోండి. ఆ హూన్‌లోనే ఆమె, ఆవిడ, అన్నీ ఇమిడిపోయాయి, హన్‌లో వాడు, అతను, ఆయన. అక్కడ కూడా మన లోపలి మెట్లు ఎక్కి దిగే పని లేదు.

వస్తువుల సంగతికొస్తే దెన్, దే మీద బుర్ర బద్దలు కొట్టుకోకండి, పదం తోక చూడండి. "ఆ కారు" బీలెన్, చివర ఎన్, కాబట్టి దెన్. "ఆ ఇల్లు" హూసెత్, చివర ఇ-టి, కాబట్టి రాతలో డి-ఇ-టి. దాదాపు నాలుగింట మూడు వంతుల నామవాచకాలు ఎన్ జట్టులోనే ఉంటాయి, తెలియనప్పుడు దెన్ అనేస్తే గెలిచే అవకాశం ఎక్కువ.

దేకి ఇంకో ఉద్యోగం ఉంది, ఖాళీ కుర్చీలో కూర్చోవడం. వాన పడుతోంది అనాలంటే దే రెగ్నార్. చలిగా ఉంది, దే ఏ కల్త్. అక్కడ "అది" ఏంటని వెతక్కండి, ఏమీ లేదు. మనం కర్త లేకుండా వాక్యం నడిపేస్తాం, వాళ్లకి కుర్చీ ఖాళీగా ఉంటే నిద్రపట్టదు.

దాని బంధువే మన్. ఎవరికీ ప్రత్యేకంగా వర్తించని మాట. "ఇక్కడ పొగ తాగకూడదు" అంటాం, ఎవరు తాగకూడదు? ఎవరైనా. వాళ్లు మన్ ఫోర్ ఇంతె రూకా హేర్ అంటారు. "దీన్ని స్వీడిష్‌లో ఏమంటారు?" అనేది మీరు రోజుకి ఇరవై సార్లు అడగాల్సిన ప్రశ్న, అక్కడ "అంటారు" చూసి దొమ్ పెట్టకండి. హూర్ సెయ్యెర్ మన్ దే పో స్వెన్స్కా. ఈ ఒక్క వాక్యం బట్టీ పట్టండి, మిగతావి అదే సంపాదించిపెడుతుంది. (వోర్‌మన్ గారి మన్ వేరు, మొగుడు అన్న నామవాచకం, రాత మాత్రం ఒకటే.)

హెన్ అని కూడా వినపడుతుంది, హన్, హూన్ రెండూ కాని, లేదా ఆడో మగో చెప్పనక్కర్లేనప్పుడు వాడేది. 2015లో స్వీడిష్ అకాడమీ పదకోశంలో చేరింది. మన "తను"కి దగ్గర, కాకపోతే మనం తను అన్నా చివర వచ్చాడో వచ్చిందో క్రియ బయటపెట్టేస్తుంది, వాళ్లకి ఆ బాధ లేదు.

దొమ్‌ని రాసేటప్పుడు డి-ఇ నా డి-ఇ-ఎమ్ నా అన్నది ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లే తప్పు రాస్తారు, రెంటినీ తీసేసి దొమ్ అనే రాద్దామని ఎప్పట్నుంచో వాదన కూడా ఉంది. అక్కడ వీ పెట్టి చూడండి, పొసిగితే డి-ఇ. ఒస్ పొసిగితే డి-ఇ-ఎమ్. మొదటి ఏడాది దీని గురించి టెన్షన్ పడే అర్హత మనకి లేదు.

---

చెవికోసుకుంటా

ఒకటి కలుపుతా, "ఇంతె" అంటే "కాదు, లేదు". సర్వనామం ఉంటే అది ఇంతె కంటే ముందుకి దూకుతుంది. యా షెన్నెర్ ఇంతె కారిన్, నాకు కారిన్ తెలియదు. అదే అతను తెలియదు అంటే యా షెన్నెర్ హొనొమ్ ఇంతె. ఇదెవరూ చెప్పకుండానే ఒక రోజు చెవికి తగులుతుంది, అప్పుడు నన్ను తలుచుకోండి.

---

కొత్తచలి

ఈ రోజు లిఫ్టులో మళ్లీ ఆవిడే. గుండె రాయి చేసుకుని "హూర్ మోర్ దూ?" అన్నా, అంటే ఎలా ఉన్నావు అని. ఆవిడ "యా మోర్ బ్రా, తక్, ఓ దూ?" అన్నారు, అంతే, ఏమీ కాలేదు, ఆకాశం విరిగి పడలేదు. తర్వాత కుక్క పేరు అడిగా, దాన్ని దెన్ అనాలా హన్ అనాలా తెలియక వేలితో చూపించా. ఆవిడ హన్ అన్నారు.

రాత్రి కూర్చుని క్లాసుకి ఇవ్వాల్సిన నాలుగు లైన్లు రాశా. దే ఏ మిన్ గ్రన్నె. హూన్ హార్ ఎన్ లీతెన్ హుంద్. హూన్ ఎల్స్కార్ సిన్ హుంద్. హూన్ ఓ సిన్ హుంద్ బూర్ పో త్రేద్యె వోనింగెన్. (ఈవిడ మా పక్కింటావిడ. ఆవిడకి ఒక చిన్న కుక్క ఉంది. తన కుక్కంటే ఆవిడకి ప్రాణం. ఆవిడా, తన కుక్కా మూడో అంతస్తులో ఉంటారు.) అందరూ చెప్పినవి అన్నీ పెట్టేశా అనుకుంటా. ఎలా ఉంది?

---

అడ్డంపడేవాడు

మూడు లైన్లు బంగారం. నాలుగోది హూన్ ఓ హెన్నెస్ హుంద్. మూడో లైన్లో కుక్క కర్మ, నాలుగో లైన్లో కుక్కకి ప్రమోషన్ వచ్చింది, అదీ కర్తే.

---

కొత్తచలి

మొదటి గుంత! చదివి రెండు రోజులు కాలేదు. మార్చేశా, హెన్నెస్.